మరిడమ్మ బాతుల పడవ

కొత్తకాలవ లాకు,
దుర్ముఖి నామ సంవత్సరం, పుష్య శుద్ధ దశమి

అమ్మ పోయాక అమ్మవైన అచ్చాయమ్మక్కకు తమ్ముడు అప్పాజీ దండాలు పెట్టి రాసేది.

అక్కా, నీకు మేనకోడలు పుట్టింది. సప్తమి నాడు మిట్టమధ్యాహ్నం. తల్లీ పిల్లా ఇద్దరూ బాగున్నారు. మిగతాదంతా నెమ్మదిగా చదువుకుందువుగాని, ముందు ఈ మాట చదివి ఊపిరి పీల్చుకో.

పిల్ల చామనచాయగా, నిండుగా ఉంది. తలనిండా జుట్టు. రత్నమాణిక్యం ఇంకా మంచం దిగలేదు. నెత్తురు చాలా పోయింది. కానీ నిన్నటినుంచి గంజి తాగుతోంది. పాలు చాలడం లేదని విసుక్కుంటోంది. విసుక్కోవడం మొదలుపెట్టిందంటే ఇక భయం లేదని నాకు ధైర్యం వచ్చింది.

ఇంతదూరం వస్తామని అనుకోలేదక్కా. తల్లి లేని పిల్ల కదా, పురిటికి నువ్వొస్తానన్నావని కొండంత ధైర్యంతో ఉండేది. పుష్యం వచ్చిన దగ్గర్నుంచి దిగువ నుంచి ఏ పడవ వచ్చినా గుమ్మంలోకి వచ్చి నిలబడేది. "మీ అక్కగారు అందులో ఉన్నారేమో చూడండి" అనేది. నువ్వు రాలేదు. రాలేనని కబురు కూడా పెట్టలేదు. తప్పుపట్టడం లేదు, బాతుల్ని ఎవరికి అప్పజెప్పి వస్తావు? అయితే షష్ఠి నాడు నొప్పులు మొదలయ్యేసరికి ఇంట్లో ఆడదిక్కు లేకపోయింది. మంత్రసానికి కబురంపితే ఆవిడ రామచంద్రపురం అవతల ఎవరికో పురుడు పొయ్యడానికి వెళ్ళిందన్నారు. మర్నాటికి కూడా నొప్పులు తగ్గలేదు, కాన్పు కాలేదు. పిల్ల ఎదురుకాళ్ళతో ఉంది.

పురుడు ఎవరు పోశారనుకున్నావు? బాతుల పడవ మనిషి. పేరు మరిడమ్మ. యాభై ఏళ్ళుంటాయి. మాసూళ్ళయ్యాక బాతుల్ని పడవ మీద వేసుకొని, కోసిన చేలల్లో మేపుకుంటూ సముద్రం దాకా దిగి, ఎండలు ముదిరే వేళకి వెనక్కి తిరుగుతుందట. ఆవిడ పడవ మూడు రోజులుగా మా లాకు తలుపులకి ఎగువన ఆగి ఉంది. రత్నమాణిక్యం అరుపులు విని గట్టెక్కి వచ్చింది. కుంకుడు రసంతో మోచేతుల దాకా చేతులు రుద్దుకుంది. "మీరు బయటికెళ్ళండి బాబూ. నీళ్ళు కాగబెట్టి అందిస్తూ ఉండండి. నోరు మాత్రం మెదపొద్దు" అంది. నేను నీళ్ళు అందిస్తూ కూర్చున్నాను. ఆవిడ పిల్లని లోపలే తిప్పిందట. ఎలా తిప్పిందో నాకు తెలియదు. పిల్ల ఏడుపు విన్నాకే నేను పొయ్యిలో కట్టె వెనక్కి లాగాను.

ఇంకొక్క మాట. కొన్నాళ్ళపాటు నీ బాతుల్ని కాలవలోకి వదలకు. దొడ్లోనే ఉంచి తవుడు పెట్టు. ఎందుకని అడగకు, ఊరికే చెబుతున్నాను.

రత్నమాణిక్యం దండాలు చెప్పమంది. పిల్లకి పేరు నువ్వు వచ్చాకే.

నీ తమ్ముడు,
అప్పాజీ


కొత్తకాలవ లాకు,
పుష్య బహుళ ద్వాదశి

అచ్చాయమ్మక్కకు,

ఈ ఉత్తరానికి మూడుసార్లు కాగితం తీశాను, మూడుసార్లూ చింపేశాను. నా మొదటి ఉత్తరం చేరి పదిహేను రోజులన్నా అయి ఉంటుంది. నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు. నిన్న ఉప్పు పడవ సరంగు లాకు దగ్గర ఆగి, "మీ అక్కగారి ఊళ్ళో బాతులన్నీ పోతున్నాయండి. కాలవ గట్టు పొడుగునా ఈకలే" అన్నాడు. నీ బాతుల సంగతి అడగడానికి భయమేసింది. తలుపులు తీసి వాణ్ణి పంపేశాను.

అక్కా, ఆ చావు నీ ఊరికి పంపింది నేనే.

మార్గశిరం ఆఖర్న మా ఓవర్సీరు జీవరాజు గారు లాకు చూడ్డానికి వచ్చారు. ఎగువన బాతులకి తెగులు తగిలిందనీ, దిగువ ఊళ్ళవాళ్ళు తమకి అంటకుండా చూడమని అర్జీ పెట్టుకున్నారనీ చెప్పారు. "బాతులున్న పడవ ఏదీ నీ లాకు దాటకూడదయ్యా అప్పాజీ. కాగితం మీద హుకుం ఏమీ లేదు. నీ మీద నమ్మకంతో చెబుతున్నాను" అన్నారు. "దిగువనున్నది మా అక్కేనండి, ఎలా దాటనిస్తాను?" అన్నాను. ఛాతీ విరుచుకొని అన్నాను కూడా.

చవితి నాడు మరిడమ్మ పడవ వచ్చింది. రెండంతస్తుల వెదురు తడికల్లో మూడు వందల పైచిలుకు బాతులు. లాకు తియ్యనన్నాను. ఆవిడ బతిమాలింది. "ఎగువన చేలు అయిపోయాయి బాబూ, గింజ లేదు. కిందికి వెళ్ళకపోతే ఆకలికే చస్తాయి" అంది. నేను కసిరాను. చేతిలో ఉన్న కర్రతో పడవ అంచు మీద కొట్టి మరీ కసిరాను. ఆ మనిషే మూడో రోజున మా గడప తొక్కి నా భార్యనీ పిల్లనీ బతికించింది.

అష్టమి పొద్దున్నే రత్నమాణిక్యం నుదురు తాకి చూసి, జ్వరం లేదని చెప్పి, మరిడమ్మ పడవలోకి వెళ్ళిపోయింది. లాకు సంగతి ఎత్తనే లేదు. ఎత్తి ఉంటే బాగుండేదేమో, తియ్యనని చెప్పడానికి నాకు వీలుండేది. నేనే గట్టు దిగి వెళ్ళాను. పడవ అడుగున ఏడెనిమిది బాతులు మెడలు వాల్చేసి పడి ఉన్నాయి. కళ్ళు అంటుకుపోయి, ఎండ తగిలితే తల తిప్పేసుకుంటున్నాయి. లేవబోయి రెక్కల మీద కూలబడుతున్నాయి.

"రోగం ఉందా?" అన్నాను.

"ఉందండి బాబూ. దాచను. ఆరు వందలతో బయలుదేరితే ఈమాత్రం మిగిలాయి. ఇక్కడే కట్టి ఉంచితే ఈ మిగిలినవీ ఉండవు" అంది.

ఏం చెయ్యాలో నాకు తెలుసు. ఓవర్సీరు గారి మాట గుర్తుంది. కింద నీ ఊరుందని గుర్తుంది. పక్కన ఎవరూ లేరు. ఎవరూ బలవంతం చెయ్యలేదు. తెలిసి తెలిసీ లాకు చక్రం తిప్పి నీళ్ళు వదిలాను, తలుపులు తీశాను. పడవ కిందికి దిగింది. ఆవిడ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. దానికి బదులుగా నేను చెయ్యెత్తలేకపోయాను.

ఆ పడవ మలుపు తిరగక ముందే నాకు నువ్వు గుర్తొచ్చావు. నాన్న వలతో సహా సముద్రంలో పోయినప్పుడు నాకు ఏడేళ్ళు, నీకు పంతొమ్మిది. బావ పోయిన ఏడాదే అది. నలుగురూ "వాణ్ణి పడవెక్కించు" అంటే, "వీణ్ణి నీళ్ళకియ్యను" అని ఆరు బాతులతో మొదలుపెట్టావు. నేను తిన్నదీ చదివిందీ ఈ గుమాస్తా కుర్చీలో కూర్చున్నదీ వాటి గుడ్ల మీదే. ఆ బాతుల మీదికి నా చేత్తోనే చావుని పంపాను. పంపి, కాలవలోకి వదలకు, ఎందుకని అడగకు అని పెద్దమనిషిలా రాశాను.

ఒక కాంపౌండరు పడవలో వెళ్తుంటే, ఈ తెగులు ఎలా పాకుతుందని అడిగాను. ఇలాంటివి కంటికి ఆనని పురుగుల వల్ల వస్తాయని ఇప్పుడు డాక్టర్లు అంటున్నారట. రెట్టలో ఉంటాయేమో, నీళ్ళలో పడితే ఎంతదూరమైనా పోతాయేమో అన్నాడు. "వాటికి మీ లాకు తలుపులు ఒక లెక్కా గుమాస్తా గారూ" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

రత్నమాణిక్యానికి ఈ రోజే చెప్పాను. పిల్లని ఒళ్ళోకి తీసుకుంది. "ఆవిడ రాకపోతే మేమిద్దరం లేము. మీరు తలుపు తియ్యకపోతే మీరు మీరు కారు. కానీ వదినగారికి చెప్పకపోవడం మాత్రం తప్పే" అంది.

అందుకని రాస్తున్నాను. ఈసారి జీవరాజు గారు వచ్చినప్పుడు నిజం చెప్పేసి ఉద్యోగం వదిలేస్తాను. పిల్లాపాపలతో నీ దగ్గరికి వస్తాను. నాన్న చేసిన పని నేనూ చేస్తాను. నీ దొడ్డి మళ్ళీ నిండేదాకా ఉంటాను. తిట్టు, రావద్దను, ఏమన్నా అను. ఒక్క ముక్క మాత్రం రాయి అక్కా.

అప్పాజీ


మాఘ శుద్ధ తదియ

చిరంజీవి తమ్ముడు అప్పాజీని అక్క అచ్చాయమ్మ దీవించి రాసేది.

ఒరే, ఏడుపు ఆపు. నా బాతులు నూట పదహారూ నా కళ్ళ ముందు బురదలో పొర్లుతున్నాయి. ఒక్కటీ పోలేదు. నువ్వు పలక దిద్దుతుంటే పక్కన కూర్చొని నేర్చుకున్న అక్షరాలు ఇవి, వంకరగా ఉంటాయి. రత్నమాణిక్యాన్ని కూడా పక్కన కూర్చోబెట్టుకొని నిదానంగా చదువుకోండి. ఇది తనకి కూడా చెప్పాల్సిన సంగతి.

ఊళ్ళో బాతులు పోయిన మాట నిజమే. మొదటి బాతు పక్కింటి సంపూర్ణమ్మ దొడ్లో పుష్య శుద్ధ విదియ నాడు పోయింది. నువ్వు తలుపులు తీసింది అష్టమి నాడు. వేళ్ళు మడిచి లెక్కపెట్టుకో. నీ లాకు మూసి ఉన్నప్పుడే ఇక్కడ మూడిళ్ళ బాతులు ఖాళీ అయ్యాయి. నువ్వు పంపిన చావు కాదు నాయనా. అది ఇక్కడిదే. ఇంకా చెప్పాలంటే నా దొడ్డిది.

ఇప్పుడు నా తప్పు విను. పోయినేడు కార్తీకంలో అడవిబాతులు మందలు మందలుగా వచ్చి మన ఊరి మడుగులో దిగాయి. నా బాతులు వాటితో కలిసి తిరిగాయి. చూడముచ్చటగానే ఉండేది. నెల తిరిగేసరికి నా వాటికి కళ్ళు నీరు కారడం, ఎండ చూడలేకపోవడం, గుడ్లు మానెయ్యడం. ఎన్ని నీళ్ళు తాగినా దాహమే. పదకొండు పోయాయి. మిగతావి తేరుకున్నాయి. ఇంకో రెండిళ్ళలో కూడా అలాగే అయింది. అందరూ మంచు పడక అన్నారు. నాకు మనసులో వేరే ఉంది, కానీ పైకి అనలేదు. అంటే గుడ్లు ఎవరు కొంటారు? మొన్న ఆశ్వయుజంలో సంతలో నలభై బాతులు అమ్మాను. నిగనిగలాడుతూ ఉన్నాయి. కొనేవాళ్ళకి ఒక్క మాట చెప్పలేదు.

కార్తీకంలో సంపూర్ణమ్మ అరవై బాతుపిల్లల్ని తెచ్చి నా బాతులు తిరిగే మడుగులోనే వదిలింది. అవి రెక్కలొచ్చి ఎదిగే వేళకి పుష్యంలో వరసపెట్టి పడిపోయాయి. ఆ తరవాత ఇంకో రెండిళ్ళు. పోయినేడు తెగులు చూసిన ముసలి బాతులు ఒక్కటీ చావలేదు, ఈ ఏటి కొత్తవే చచ్చాయి. అది చూశాక నాకు సంగతి అర్థమైపోయింది. ఊళ్ళోవాళ్ళు నా దొడ్డి చూసి "అచ్చాయమ్మ చెయ్యి మంచిదమ్మా" అంటుంటే అన్నం దిగేది కాదు.

పురిటికి ఎందుకు రాలేదంటావా. మూట కట్టుకున్నాను. పడవ కూడా మాట్లాడుకున్నాను. గట్టు దాకా వెళ్ళి నా చేతులు చూసుకున్నాను. ఈ చేతులతో పొద్దుటనుంచి ఆ బాతుల్నే పట్టుకున్నాను. ఈ చేతులతో పచ్చిబిడ్డని ఎలా ఎత్తుకోను అనిపించింది. బాతుల రోగం మనుషులకి వస్తుందో రాదో నాకేం తెలుసు? మూట పట్టుకొని ఇంటికి తిరిగొచ్చేశాను. రాలేనని రాయాలంటే ఎందుకో రాయాలి. అది రాయలేకపోయాను. రత్నమాణిక్యం గుమ్మంలో నిలబడి నాకోసం చూసిందని నీ ఉత్తరంలో చదివి, ఆ రోజు పొయ్యి వెలిగించలేదు.

బహుళ నవమి పొద్దున నీ మరిడమ్మ పడవ ఇక్కడికి వచ్చింది. దారి పొడుగునా మేపుకుంటూ, దారి పొడుగునా పోగొట్టుకుంటూ వచ్చింది. డెబ్బై లోపే మిగిలాయి. ఊరంతా కర్రలు పట్టుకొని గట్టు మీదికొచ్చింది. "ఇదేనే మన బాతుల్ని తినేసింది" అని సంపూర్ణమ్మ అందరికంటే ముందు నిలబడింది. ఈలోగా ఒక బాతు పడవ పలక మీంచి దిగి నా కాళ్ళ దగ్గరికే వచ్చింది. కాలివేళ్ళ మధ్య తోలుకి రెండు గాట్లు. నా దొడ్డి గుర్తురా అది. నేను పెట్టిన గాట్లే. ఇంకోదాన్ని చూశాను, దానికీ ఉన్నాయి. పడవెక్కి ఒక్కొక్కదాని కాలూ ఎత్తి చూశాను. ముప్ఫై ఎనిమిది. నేను అమ్మిన నలభైలో ముప్ఫై ఎనిమిది బతికే ఉన్నాయి. వాటితో కలిసి తిరిగిన ఆవిడ బాతులు దాదాపు అన్నీ పోయాయి.

"ఇవి ఎక్కడ కొన్నావమ్మా?" అన్నాను.

"అట్లతద్ది వెళ్ళిన వారం, సంతలో. నెలన్నర బాగానే ఉన్నాయి. మార్గశిరంలో అన్నిటినీ కలిపి పడవెక్కించాక మొదలయింది నా కర్మ" అంది.

ఆవిడ అలా అన్నాక ఇంక నోరు మూసుకొని ఉండలేకపోయాను. గట్టు మీదివాళ్ళ వైపు తిరిగి, "కొట్టాలంటే నన్ను కొట్టండి. ఈవిడ మనకి తేలేదు. నా దొడ్డినుంచే ఈవిడకి పోయింది, నా దొడ్డినుంచే మీకూ వచ్చింది" అన్నాను. పోయినేటి సంగతి, సంత సంగతి, అంతా చెప్పేశాను. సంపూర్ణమ్మ నా మొహం వంకే చూసింది. కర్ర కింద పడేసి, కొంగు నోట్లో కుక్కుకొని ఇంటికి వెళ్ళిపోయింది. అంతకంటే ఆ కర్రతో కొట్టినా బాగుండేది.

బుల్లబ్బాయి గారు తెలుసుగా, పెద్దరికం ఆయనదే. "అడవిబాతుల్ని నువ్వు పిలుచుకొచ్చావా ఏంటమ్మా? రావడం నీ తప్పు కాదు. దాచడం నీ తప్పు. చెప్పావు గనక ఏం చెయ్యాలో ఆలోచిద్దాం" అన్నారు. ఒరే అప్పాజీ, ఏడాదిగా నా గుండె మీద కూర్చున్నది ఆ ఒక్క మాటకి లేచి వెళ్ళిపోయిందిరా.

మరిడమ్మ మాత్రం ఊరుకోలేదు. అందరూ వెళ్ళాక నా ఎదురుగా కూర్చొని, "తెలిసి అమ్మావా, తెలియక అమ్మావా?" అంది.

"సగం తెలిసి" అన్నాను.

నేను అన్నం పెట్టాను, ముట్టుకోలేదు. పొద్దు వాలేదాకా పడవలోనే కూర్చుంది. తరవాత తనే వచ్చి, కంచం ముందు కూర్చొని, నా మొహంలోకి తేరిపార చూసి, "కొత్తకాలవ లాకు గుమాస్తా నీకేమవుతాడు? ముక్కు అచ్చం ఇదే" అంది. తమ్ముడన్నాను. "అయితే ఆ ఎదురుకాళ్ళ పిల్లకి మేనత్తవా నువ్వు! మీ ఇంట్లో అందరూ తిరగబడే పుడతారు గామాల" అని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది. ఇద్దరం ఏడ్చాం. పోయిన వాటికి నేను బదులివ్వలేను. అది ఆవిడా అడగలేదు. ఆవిడ బాతులు, నా బాతులు ఇప్పుడు ఒకటే మంద. రెండూ ఈ తెగులు దాటినవే కాబట్టి ఒకదానివల్ల ఒకదానికి భయం లేదు. వాటిని ఊరికి దూరంగా, ఉప్పుటేరు అవతలి గడ్డ మీద ఉంచుతున్నాం. అక్కణ్ణుంచి ఒక్క బాతు సంతకి పోకూడదు, ఊరి మడుగులో దిగకూడదు. వేసవిలో మడుగు ఎండబెట్టి, బురద ఎత్తిపోసి, వానలు పడ్డాకే ఊళ్ళోవాళ్ళు కొత్త పిల్లల్ని తేవాలని బుల్లబ్బాయి గారి మాట. మరిడమ్మ ఇక్కడే ఉండిపోయింది. ఇంట్లో రెండో మనిషి దగ్గినా తుమ్మినా నాకు హాయిగా ఉందిరా.

మరిడమ్మకి ఈ తెగుళ్ళ సంగతి నాకంటే తెలుసు. నా దొడ్లో పిల్లిలా తిరిగిన తెగులు ఇరుకు పడవలో వందల బాతులు ఒకేచోట దొరికేసరికి పులయిందంటుంది. మంద మారినప్పుడల్లా అదీ మారుతుందట, ఒకచోట మెత్తబడి, ఒకచోట పదునెక్కి. బాగున్నట్టు కనిపించే బాతే దాన్ని మోసుకెళ్తుందట. జబ్బు బాతుని చూసి అందరూ దూరం జరుగుతారు, నిగనిగలాడేదాన్ని చూసి ఎవరు జరుగుతారు?

ఇక నీ సంగతి. ఉద్యోగం వదలకు. మీ ఓవర్సీరు గారికి నిజం చెప్పు. ఆయన తీసేస్తే అప్పుడు రా, వల నేసి ఇస్తాను. నీ అంతట నువ్వు పారిపోయి రాకు. దాచితే ఏమవుతుందో మనింట్లో ఇప్పటికే చూశాం.

ఈ ఉత్తరం తెచ్చిన మనిషి చేతే ఎండు సొరచేప పంపుతున్నాను. ఉడకబెట్టి, ముళ్ళు తీసి, పొడిపొడిగా వేయించి రత్నమాణిక్యానికి పెట్టు. పిల్లకి పాలు పడతాయి. బాతుల్ని మరిడమ్మకి అప్పజెప్పి, తలారా స్నానం చేసి, కొత్త కోక కట్టుకొని, వచ్చే పున్నానికి నీ గుమ్మంలో దిగుతాను. రత్నమాణిక్యాన్ని నన్ను రెండు మాటలు అనమను. పడతాను.

మీ మంచి కోరే
అచ్చాయమ్మ


కొత్తకాలవ లాకు,
మాఘ బహుళ పంచమి

మా అక్కకు, అప్పాజీ దండాలు.

నువ్వు పడవెక్కి వెళ్ళి మూడు రోజులే అయింది, అప్పుడే ఉత్తరమేంటని అనుకోకు. నిన్న జీవరాజు గారు వచ్చారు. అది రాయకుండా ఉండలేక రాస్తున్నాను.

రత్నమాణిక్యం బాగానే తిరుగుతోంది. నువ్వు ఎత్తుకున్నప్పుడు ఊరుకున్నట్టు పిల్ల నా దగ్గర ఊరుకోవడం లేదు. నువ్వు పెట్టిన పేరుతోనే పిలుస్తున్నాం. అది తన పేరేనని మరిడమ్మకి చెప్పావా? విని ఏమందో రాయి.

ఓవర్సీరు గారు కుర్చీలో కూర్చోక ముందే చెప్పేశాను. చవితి నుంచి అష్టమి దాకా ఏం జరిగిందో, ఎందుకు తీశానో, తరవాత ఎందుకు దాచానో. నీ ఉత్తరం కూడా చదివి వినిపించాను, తప్పుగా అనుకోకు. ఆయన మొహం ఎర్రబడింది. "నమ్మి చెప్పానయ్యా నీకు" అన్నారు. ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. కాసేపు లాకు గోడ మీద అటూ ఇటూ తిరిగారు. తిరిగి వచ్చి, "నా భార్యని బతికించి ఉంటే నేనూ తీసేవాణ్ణే. కానీ ఆ సాయంత్రమే నాకు మనిషిని పంపేవాణ్ణి. నువ్వు అది చెయ్యలేదు" అన్నారు. అవునన్నాను. ఇంకెప్పుడూ దాచనన్నాను. ఉద్యోగం ఉంచారక్కా. ఉంచి, పై లాకులకీ కింది లాకులకీ ఒక మాట పంపించారు. బాతుల పడవల్ని ఊరికే ఆపడం కాదు, ఎక్కడ కొన్నారో అడగాలి, ఎక్కడ తెగులు ఉందో వాళ్ళకి చెప్పాలి.

ఈ పొద్దున మొదటి పడవ వచ్చింది. పిఠాపురం వైపు నుంచి అబ్బులు అనే ఆయన, రెండు వందల యాభై కొత్త బాతులతో. మీ ఊరి మడుగు వైపే వెళ్తున్నాడు. నేను గట్టు మీద చతికిలబడి మన సంగతంతా చెప్పాను. నీ పేరు కూడా చెప్పాను. అతను వింటూ వింటూ తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఎవరూ చెప్పలేదండి బాబూ. ఆ మడుగులోనే దింపుదామనుకుంటున్నానండి" అన్నాడు.

నన్ను లాకు తియ్యమని అడగలేదు. పడవని అక్కడికక్కడే వెనక్కి తిప్పించాడు. లాగేవాళ్ళు తాళ్ళు భుజాన వేసుకున్నారు. తడికల్లోంచి రెండు వందల యాభై బాతులూ ఒక్కసారిగా అరుస్తూ ఎగువకి వెళ్ళిపోయాయి. రత్నమాణిక్యం పిల్లనెత్తుకొని గుమ్మంలోకి వచ్చి ఆ పడవ కనుమరుగయ్యేదాకా చూసింది. నేను లోపలికి వెళ్ళి రెండు కంచాల అన్నం తిన్నాను.

నీ తమ్ముడు,
కొత్తకాలవ లాకు గుమాస్తా
అప్పాజీ